ర్యాంక్డ్ మ్యాచ్‌లో ఒకడు మధ్యలో వెళ్ళిపోతే: మిగిలినవాళ్ళు చేయాల్సిన పనులు

ర్యాంక్డ్ అంటే గెలుపు ఓటములతో మీ ర్యాంకు మారే ఆన్‌లైన్ గేమ్ మ్యాచ్. ఐదుగురి జట్టుతో ఆడుతున్నారు, స్కోరు 6-5. కొత్త రౌండ్ మొదలవుతుండగా మీ జట్టులో ఒకడి బొమ్మ బూడిద రంగులోకి మారింది. వెంటనే ఒకడు "అయిపాయె, సరెండర్ కొట్టుర్రి" అంటాడు. ఇంకొకడు వెళ్ళిపోయినవాడి ఇంటివాళ్ళందరినీ తిట్టడం మొదలుపెడతాడు. రెండు రౌండ్లు పోయేసరికి ఆ తిట్లు ఉన్నవాళ్ళ మీదికి మళ్ళుతాయి. మాట పడ్డవాడు కూడా గేమ్ మూసేసి వెళ్ళిపోతాడు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొదటివాడు వెళ్ళిపోవడం మన చేతిలో లేదు, రెండోవాడు వెళ్ళకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. నలుగురు కలిసి ఐదుగురిని గెలిచే మ్యాచ్‌లు ఉంటాయి. ముగ్గురితో గెలవడం చాలా అరుదు. అందుకే కింద చెప్పే పనులు ఎక్కువగా ఆ రెండోవాడి చుట్టూనే తిరుగుతాయి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2, బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ల నుంచి ఉదాహరణలు ఇస్తాను. మీరు ఇంకేదైనా ఆడుతుంటే పేర్లు మార్చుకుని చదువుకోండి.

క్యూ (మ్యాచ్ వెతికే బటన్) నొక్కక ముందే

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. మధ్యలో మాయమయ్యేవాళ్ళలో కావాలని వెళ్ళేవాళ్ళు కొందరే. కరెంటు పోయో, నెట్ ఆగిపోయో, ఫోన్ వచ్చో, అమ్మ పిలిచో పోయేవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. ఆ జాబితాలో మనం ఉండకూడదు.

ఉత్తర తెలంగాణ జిల్లాలకు కరెంటు ఇచ్చేది హనుమకొండ కేంద్రంగా ఉన్న ఎన్‌పీడీసీఎల్. ఈదురుగాలి లేచినా, చెట్టుకొమ్మ తీగల మీద పడినా కరెంటు పోయి వస్తుంటుంది. పోయింది అర నిమిషమే కావచ్చు. కానీ రౌటర్ ఆగి, మళ్ళీ లేచి, నెట్ పట్టుకునేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మ్యాచ్‌ను దెబ్బతీసేది ఆ రెండు మూడు నిమిషాలే. చాలా ఇళ్ళలో ఇన్వర్టర్ ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, రౌటర్ మాత్రం ఆరిపోతుంది. ఎందుకంటే రౌటర్ పెట్టిన సాకెట్‌కు ఇన్వర్టర్ లైన్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క సాకెట్‌ను ఇన్వర్టర్ లైన్‌లోకి మార్పించండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ కూడా ఉంటుంది. యూపీఎస్ మోడ్‌లో పెడితే కరెంటు నుంచి బ్యాటరీకి మారడం త్వరగా జరుగుతుంది, రౌటర్ రీస్టార్ట్ కాకుండా నిలబడుతుంది.

ఇన్వర్టర్ లేకపోతే రౌటర్ కోసం మినీ యూపీఎస్ కొనుక్కోవచ్చు. కొనే ముందు మీ రౌటర్ అడాప్టర్‌ను చేతిలోకి తీసుకుని దాని మీద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అవుట్‌పుట్ అన్నచోట 12 వోల్టులు, 1 ఆంపియర్ అనో, 12 వోల్టులు, 2 ఆంపియర్లు అనో ఉంటుంది. యూపీఎస్ వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఫైబర్ తీగ వచ్చి చేరే డబ్బా వేరు, వైఫై ఇచ్చే డబ్బా వేరు అయితే రెండింటికీ బ్యాకప్ కావాలి. ఒక్కదానికే పెడితే వైఫై గుర్తు కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు.

ఫోన్ హాట్‌స్పాట్‌ను కంప్యూటర్‌కు ముందే ఒకసారి కలిపి ఉంచుకోండి. మ్యాచ్ మధ్యలో పాస్‌వర్డ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు. యూఎస్‌బీ తీగతో టెథరింగ్ చేస్తే ఇంకా నిలకడగా ఉంటుంది. ఆడేటప్పుడు గేమ్ తినే డేటా తక్కువే, అప్‌డేట్లే మింగేస్తాయి. అందుకని హాట్‌స్పాట్‌కు మారినప్పుడు మిగతా డౌన్‌లోడ్లన్నీ ఆపేయండి.

ఫోన్‌లో ఆడేవాళ్ళకు ఇంకో చిక్కుంది. రెండు సిమ్‌లు ఉన్న కొన్ని ఫోన్లలో ఒక సిమ్‌తో డేటా నడుస్తుండగా రెండో సిమ్‌కు కాల్ వచ్చి ఎత్తితే డేటా ఆగిపోతుంది. మీది అలాంటి ఫోనో కాదో స్నేహితుడితో కాల్ చేయించి చూసుకోండి. అలాంటిదే అయితే ర్యాంక్డ్ ఆడేంతసేపు రెండో సిమ్‌ను ఆఫ్ చేసి పెట్టండి. ఎండాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండకు ఫోన్ వేడెక్కి గేమ్ దానంతటదే మూసుకుపోతుంది. వెనక కవర్ తీసేయండి, చార్జింగ్ పెట్టి ఆడకండి.

ఇక టైమ్. వాలరెంట్ ర్యాంక్డ్ మ్యాచ్ 13 రౌండ్లు గెలిచేదాకా సాగుతుంది, 12-12 అయితే ఓవర్‌టైమ్. ముప్పావు గంట దాకా పడుతుందని అనుకునే కూర్చోవాలి. బీజీఎంఐ ఎరాంగెల్ మ్యాప్‌లో చివరిదాకా ఉంటే అర గంట. అంత సమయం నిజంగా ఉందా అని నొక్కే ముందే చూసుకోండి. బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు 3 గంటలు, మిగతావాళ్ళకు 6 గంటలు అని గడువు పెట్టారు. గడువు దగ్గరపడ్డాక కొత్త మ్యాచ్ ఎక్కితే మీ స్క్వాడ్‌ను మధ్యలో వదిలేసినట్టే. ఇంట్లో "అమ్మా, అర గంట ఆడతా, ఏమన్న పనుంటే ఇప్పుడే చెప్పు" అని అడగడానికి నిమిషం కూడా పట్టదు.

మొదటి నిమిషం

ఎవడో ఒకడు కదలడం లేదు. నోరు తెరిచే ముందు అది ఏ రకమో గుర్తుపట్టండి. పేరు పక్కన డిస్‌కనెక్ట్ గుర్తు వస్తే నెట్ పోయి ఉంటుంది, తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. గుర్తేమీ లేకుండా నిలబడి ఉంటే తలుపు తీయడానికో, ఫోన్ ఎత్తడానికో లేచి ఉంటాడు. అప్పటిదాకా చాట్‌లో గొడవపడి, ఆయుధాలు పారేసి వెళ్ళాడంటే ఇక రాడు. మొదటి రెండింటికీ ఆగాలి, మూడోదానికి ఆగనక్కర్లేదు.

ఆగడానికి ఏ గేమ్‌లో ఏ వీలుందో ముందే తెలిసి ఉండాలి. డోటా 2లో ఎవరైనా పాజ్ నొక్కొచ్చు. డిస్‌కనెక్ట్ అయి 5 నిమిషాలు దాటితే అబాండన్‌గా (మ్యాచ్ వదిలేసినట్టుగా) లెక్కవుతుంది కాబట్టి పాజ్ వెంటనే నొక్కాలి. అవతలి జట్టుకు కనిపించేలా "ఒకడి నెట్ పోయింది, రెండు నిమిషాలు ఆగండి" అని మర్యాదగా రాయండి. మర్యాదగా అడిగితే ఆగేవాళ్ళు చాలామందే ఉంటారు. కౌంటర్ స్ట్రైక్ 2లో టైమౌట్‌కు ఓటు పెట్టొచ్చు. వాలరెంట్‌లో మ్యాచ్ ఆరంభంలోనే ఒకడు లేకపోతే చాట్‌లో స్లాష్ కొట్టి రీమేక్ అని రాస్తే ఓటు వస్తుంది. అందరూ ఒప్పుకుంటే మ్యాచ్ రద్దవుతుంది, ఉన్నవాళ్ళ రేటింగ్ తగ్గదు. ఆ వీలు ఉండేది కొద్దిసేపే. మొదటి రౌండ్‌లో ఎవరెవరు ఉన్నారో లెక్క చూసుకోవడం అలవాటు చేసుకుంటే అది చేజారదు.

వెళ్ళినవాడు మీకు తెలిసినవాడైతే ఒక్కసారి కాల్ చేయండి. పది కాల్స్ చేస్తే వాడు హాట్‌స్పాట్ కలుపుకోవాల్సిన ఫోనే మోగుతూ ఉంటుంది.

నోరు అదుపులో ఉండాలి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఎయిమ్ (గురి) ఎంత బాగున్నా ఇక్కడ తప్పితే మ్యాచ్ పోయినట్టే.

ఒకడు వెళ్ళగానే మిగతా నలుగురి మనసులో ఒకటే లెక్క నడుస్తుంది: "ఇది ఓడిపోయే మ్యాచ్, ఇంకా ఎందుకు కూర్చోవాలి?" ఆ లెక్కను ఎవరో ఒకరు ఆపాలి. ఆ పని మీరే చేయండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. మన వాళ్ళే ఉంటే ఇట్లా సరిపోతుంది:

"అన్నా, వాని కరెంట్ పోయినట్టుంది. వచ్చేదాక నలుగురం ఒక్కతాన్నే ఉందం. ఎవ్వలు పోకుండ్రి."

ఈ మాటల్లో మూడు పనులున్నాయి. వాడిని దోషిని చేయలేదు, తర్వాత ఏం చేయాలో చెప్పింది, ఉండమని అడిగింది. ముంబై సర్వర్‌లో ఆడితే హిందీవాళ్ళూ తమిళులూ కలుస్తారు కాబట్టి అప్పుడు ఇంకా చిన్న మాటలు చాలు: "నో ప్రాబ్లమ్, ఫోర్ టుగెదర్, బీ సైట్." (సైట్ అంటే మ్యాప్‌లో బాంబు పెట్టే చోటు.) ఏడుపుగొంతు, వెటకారం రెండూ వద్దు.

జట్టులో ఒకడు తిట్లు ఆపకపోతే వాడితో వాదించకండి. మ్యూట్ చేసి, మిగిలిన ఇద్దరితో మాట్లాడుతూ ఆడండి. వాదన మొదలైతే వినేవాళ్ళకు మీరిద్దరూ ఒకటే. అంతవరకూ మౌనంగా, బాగా ఆడుతున్నవాడే "ఈ లొల్లి నాకెందుకు" అని లేచిపోతాడు. నేను చూసిన మ్యాచ్‌లలో రెండోసారి ఖాళీ అయ్యేది చాలాసార్లు ఆ మౌనంగా ఉన్నవాడి స్థానమే. అందుకే వాడిని ప్రత్యేకంగా కలుపుకోండి. వాడు ఒకడిని పడగొడితే "సూపర్ తమ్మీ" అనండి. పేరు పెట్టి పని అప్పగించండి. పని ఉన్నవాడు లేచి వెళ్ళడు.

పిలుపులు ఇచ్చేది ఒక్కరే కావాలి. ఐదుగురున్నప్పుడు ఇద్దరు మాట్లాడినా నడుస్తుంది. నలుగురు రెండు ముక్కలైతే ఇద్దరిద్దరుగా చచ్చిపోవడమే.

తక్కువ మందితో ఆడే తీరు

కబడ్డీలో కోర్టులో ముగ్గురే మిగిలినప్పుడు అంతకుముందు ఆడినట్టు ఆడరు. చేతులు కలిపి మూలకు దిగి, రైడర్‌ను లోపలికి రానిచ్చి పట్టేస్తారు, పట్టుకుంటే సూపర్ ట్యాకిల్ కింద అదనపు పాయింటు కూడా వస్తుంది. ఇక్కడ అదనపు పాయింటు ఉండదు గానీ పద్ధతి అదే: మైదానం మొత్తం కాపాడాలనే ఆశ వదిలేయాలి.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్‌లలో డిఫెన్స్ ఆడుతుంటే రెండు సైట్లకు ఇద్దరిద్దరిని పంచడం అందరూ చేసే తప్పు. ఐదుగురు ఒకేసారి వచ్చి ఇద్దరిని తుడిచేస్తారు, మిగిలిన ఇద్దరు వచ్చేసరికి ఆట ముగుస్తుంది. దానికి బదులు ఒక సైట్‌లో ముగ్గురు గట్టిగా ఉండండి. రెండోదాంట్లో ఒక్కడు దూరంగా నిలబడి శబ్దం వినాలి. వాళ్ళు వస్తే పోరాడకుండా "వచ్చిండ్రు, ఐదుగురు" అని చెప్పి వెనక్కి తగ్గాలి. సైట్ ఇచ్చేసి నలుగురూ ఒకేసారి రీటేక్‌కు, అంటే దాన్ని తిరిగి పట్టుకోవడానికి, వెళ్ళాలి. పొగ పరిచే స్మోక్, కళ్ళు చెదరగొట్టే ఫ్లాష్ ఏదున్నా అప్పటిదాకా దాచుకోవాలి. ఇట్లా ఆడితే కొన్ని రౌండ్లు ఊరికే ఇచ్చేసినట్టు అనిపిస్తుంది. ఫర్వాలేదు. మనకు ప్రతి రౌండూ అక్కర్లేదు.

అటాక్‌లో అయితే ఇంకా సులువు. నలుగురూ ఒకే దారిలో, జంటలుగా వెళ్ళాలి. ముందువాడు పడిన మరుక్షణం వెనకవాడు వాడిని పడగొట్టిన శత్రువును పడగొట్టాలి. ఆ ఒక్క మార్పిడి సరిగ్గా జరిగితే మనవాళ్ళ సంఖ్య తక్కువన్న సంగతి సగం రౌండ్లలో గుర్తుకే రాదు. గేమ్‌లో ఆయుధాలు కొనే డబ్బు విషయంలో కూడా నలుగురూ కలిసి కొనండి, కలిసి ఆదా చేయండి. ఇద్దరు కొని ఇద్దరు కొనకపోతే ఇక మిగిలేది ఇద్దరే. కౌంటర్ స్ట్రైక్ ర్యాంక్డ్‌లో వెళ్ళినవాడి బదులు ఒకప్పుడు బాట్ (కంప్యూటరే ఆడించే ఆటగాడు) వచ్చేది, 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో అది తీసేశారు. కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

డోటా 2లో ఒకడు అబాండన్ అయ్యాక వాడి బంగారం మిగతావాళ్ళకు పంచబడుతుంది. అంటే నలుగురూ ఐదుగురిలో ఒక్కొక్కరికంటే త్వరగా ఐటమ్స్ కొనగలరు. ఆ లాభం చేతికి రావడానికి టైమ్ పడుతుంది. అందుకే ఎదురెదురు పోరు తప్పించుకుంటూ, లేన్లు (అవతలి కోటకు వెళ్ళే దారులు) ముందుకు నెట్టి వెనక్కి వచ్చేస్తూ, హైగ్రౌండ్ (మన కోట ఉన్న ఎత్తు) కాపాడుకుంటూ ఆట సాగదీయాలి. అబాండన్ తర్వాత మిగతావాళ్ళు వెళ్ళినా శిక్ష పడదని తెరమీద కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది లేస్తారు. శిక్ష పడదు గానీ గెలుపు ఓటములు మాత్రం ర్యాంకులో లెక్కకు వస్తాయి.

బీజీఎంఐలో ర్యాంకు ఎంతసేపు బతికారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది. నలుగురి స్క్వాడ్‌లో ముగ్గురే ఉన్నప్పుడు, అందరూ ఎగబడే పోచింకీలో దూకడం మానేసి ప్రిమోర్స్క్, కామెష్కీ లాంటి అంచు ఊళ్ళలో దిగండి. బండి దొరికించుకుని జోన్ (కుంచించుకుపోతూ ఉండే సురక్షిత ప్రాంతం) అంచున నడవండి. నెట్ పోయినవాడు యాప్ మళ్ళీ తెరిస్తే మ్యాచ్‌లోకి తిరిగి రావొచ్చు కాబట్టి దిగేటప్పుడు మరీ దూరం వెళ్ళకుండా ఉంటే కలుసుకోగలడు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ క్లాష్ స్క్వాడ్‌లో నాలుగు రౌండ్లు గెలిస్తే చాలు. ముగ్గురూ ఒకే గ్లూ వాల్ (అప్పటికప్పుడు లేపే అడ్డుగోడ) వెనక ఉండి, ఒక్కొక్కడిగా బయటికి వచ్చేవాళ్ళను పడగొట్టండి.

సరెండరా, కొనసాగించడమా

కోపంలో నిర్ణయించకండి. వాలరెంట్‌లో సరెండర్ ఓటు 5వ రౌండ్ నుంచి పెట్టొచ్చు, ర్యాంక్డ్‌లో ఉన్నవాళ్ళంతా ఒప్పుకోవాలి, ఒక హాఫ్‌లో ఒక్కసారే పెట్టే వీలుంది. అది ముందే వాడేస్తే నిజంగా అవసరమైనప్పుడు చేతిలో ఉండదు. కౌంటర్ స్ట్రైక్ 2లో జట్టులో ఒకడు అబాండన్ అయ్యాకే సరెండర్‌కు దారి తెరుచుకుంటుంది.

నా లెక్క ఇదీ. 9-4తో ముందున్నప్పుడు ఒకడు పోతే ఇంకా నాలుగు రౌండ్లే కావాలి, తప్పకుండా ఆడాలి. 3-8 దగ్గర ఒకడు పోయి, ఇంకొకడు అప్పటికే ఆటలో కావాలని చస్తుంటే ఆ అర గంట మీ చదువుకో నిద్రకో పనికొస్తుంది, సరెండర్ చేయడంలో తప్పు లేదు. మధ్యలో ఉన్నవాటికి రెండు రౌండ్లు ఆడి చూడండి. ఆ రెండింట్లో ఒక్కటైనా గెలిస్తే కొనసాగించండి. ఒకరు వద్దంటే మిగతావాళ్ళు ఆ మాట గౌరవించి ఆడాలి. ఓటు పడలేదని ఆట వదిలేసి నిలబడితే మనమే ఆ రెండోవాళ్ళం.

రిపోర్ట్

మ్యాచ్ అయ్యాక చేయండి, మధ్యలో దాని గురించి బెదిరించకండి. కావాలని వెళ్ళాడని మీకు నమ్మకం ఉన్నవాడిని, గేమ్‌లో ఏఎఫ్‌కే (ఆడకుండా ఊరికే ఉండటం) లేదా మ్యాచ్ వదిలేయడం అనే వర్గం కిందే రిపోర్ట్ చేయండి. నెట్ పోయి మళ్ళీ వచ్చి ఆడినవాడిని వదిలేయండి.

శిక్షలు చిన్నవేమీ కావు. కౌంటర్ స్ట్రైక్‌లో నిషేధం 30 నిమిషాలతో మొదలై 2 గంటలు, 24 గంటలు, 7 రోజుల దాకా పెరుగుతుంది. డోటా 2లో లో ప్రయారిటీలో (శిక్షగా వేసే వేరే క్యూలో) పడితే అక్కడ కొన్ని మ్యాచ్‌లు గెలిస్తే తప్ప బయటికి రాలేరు. బీజీఎంఐలో మెరిట్ (ప్రవర్తన స్కోరు) తగ్గుతుంది. ఇవన్నీ గేమ్ తానే లెక్కపెట్టుకుంటుంది కాబట్టి మీరు వాడి ఐడీని గ్రూపుల్లో పెట్టి పరువు తీయాల్సిన పని లేదు.

మన గ్యాంగ్‌లోనే ఒకడు ఇట్లా చేస్తుంటే

ఇది సున్నితమైన విషయం. గ్రూపులో అందరి ముందు అడిగితే వాడు అబద్ధం చెప్తాడు, లేదా అలుగుతాడు. విడిగా, ఆట లేని సమయంలో అడగండి: "తమ్మీ, మొన్న రెండుసార్లు మధ్యల పోయినవ్. ఇంట్ల ఏమన్న ఇబ్బందా?" జవాబు చాలాసార్లు చిన్నదే ఉంటుంది. రాత్రి నాన్న డ్యూటీ నుంచి వచ్చాక ఆడనివ్వరు, హాస్టల్ వైఫై ఫలానా టైమ్ తర్వాత నెమ్మదిస్తుంది, ఫోన్ అక్కది. హనుమకొండ నయీంనగర్, కిషన్‌పుర హాస్టళ్ళలో ఉండి చదివే పిల్లలకు ఈ మూడూ తెలిసినవే. కారణం తెలిస్తే ర్యాంక్డ్ టైమ్ మార్చుకోవచ్చు, లేదా వాడితో ర్యాంక్ లేని మ్యాచ్‌లు ఆడొచ్చు.

ఓడిపోతున్నామని లేచిపోయేవాడి సంగతి వేరు. మళ్ళీ పిలవకండి, అంతే. వాలరెంట్ ర్యాంక్డ్‌లో నలుగురి పార్టీని అసలు ఒప్పుకోరు, ఒకరు, ఇద్దరు, ముగ్గురు లేదా ఐదుగురు. అంచేత ఒకడిని తీసేస్తే ముగ్గురుగానో, కొత్త ఐదోవాడితోనో వెళ్ళాల్సి వస్తుంది. ఆరో మనిషిని ముందే చూసి పెట్టుకుంటే, కేవలం సంఖ్య కోసం అలాంటివాడిని భరించాల్సిన అవసరం రాదు.

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, వాన నీళ్ళు గడప దాకా వచ్చినా మ్యాచ్ వదిలేసి లేవాల్సిందే. 2023 జూలై వరదలు చూసిన వరంగల్ హంటర్ రోడ్డు వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. వీలైతే "అర్జెంట్, సారీ" అని ఒక్క మాట రాసి, చేతిలో స్పైక్ (వాలరెంట్‌లో బాంబు) ఉంటే కింద పడేసి వెళ్ళండి. తర్వాత పడే శిక్షను మాట్లాడకుండా భరించండి, గేమ్‌కు మీ ఇంటి సంగతి తెలియదు కదా.

కాలేజీ ఫెస్ట్‌లోనో కాలనీలోనో టోర్నమెంట్ పెట్టేవాళ్ళకు ఒక్క మాట. ఎవరైనా డిస్‌కనెక్ట్ అయితే ఎన్ని నిమిషాలు ఆగాలి, ఏ దశ దాటితే మ్యాచ్ మళ్ళీ మొదటి నుంచి ఆడకూడదు, సబ్‌స్టిట్యూట్ ఎప్పుడు దిగొచ్చు, హాలు మొత్తానికి కరెంటు పోతే ఏ స్కోరు నిలుస్తుంది, ఈ నాలుగూ జట్లు పేర్లు ఇచ్చే రోజే కాగితం మీద రాసి అన్ని జట్ల కెప్టెన్ల చేత సంతకం చేయించుకోండి. ప్రతి రౌండ్ తర్వాత స్కోరు స్క్రీన్‌షాట్ తీయడానికి ఆడని మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి.